మూడు విజిళ్లకు ఉడికిన పప్పు

విడవలూరు బస్టాండు వెనక సందులో మోటార్లకు వైండింగ్ చేసే సమాధానం అనే మనిషికి యాభై ఏడో ఏట కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు డాక్టరు, చూపు బాగానే ఉంటుంది గాని సన్న తీగల పని ఇక తగ్గించుకోమన్నాడు. సమాధానం తల ఊపి వచ్చేశాడు. రాగి తీగ చుట్టి బతికే మనిషి సన్న తీగల పని తగ్గించుకోవడమంటే షాపు మూసుకోవడమే. అది డాక్టరుకు తెలియవలసిన సంగతి కాదు.

కళ్లకంటే ముందే బొటనవేళ్లు ఆ మాట చెప్పాయి. పొద్దున లేవగానే అవి వంగవు. వేడినీళ్లలో కాసేపు ముంచి ఉంచితే గాని స్క్రూడ్రైవరు పట్టుకోలేడు. భార్య ఆనందకుమారి ఆ నీళ్లు కాచి పెడుతూ రెండేళ్లుగా ఒకే మాట అంటోంది, చేతులు కదలకపోయినా నెల తిరిగేసరికి ఇంట్లోకి వచ్చేది ఏదైనా ఒకటి చూసుకోవాలని. ఉన్న ఒక్క కూతురు ఎవాంజెలిన్ నెల్లూరులో నర్సు. దాని సంసారం దానిది. దాని మీద పడకూడదని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు.

అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్ల వయసులో పాత ఇనుము కొట్టులో కాలిపోయిన మోటారు ఒకటి తూకానికి కొని, లోపలి తీగను ఒక్కొక్క చుట్టే విప్పుతూ, ఏ గాడిలో ఎన్ని చుట్లు ఉన్నాయి, ఏ కొస ఎక్కడికి పోయింది అని నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాడు. మళ్లీ అట్లాగే చుట్టాడు. తిరగలేదు. విప్పి చుట్టాడు. పొగ వచ్చింది. మూడోసారి తిరిగింది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ షాపులో ఉంది, అట్టకు వార్నిషు అంటి గట్టిపడిపోయింది.

అతని పనిలో ఒక పద్ధతి ఉంది. రాగికి బదులు అల్యూమినియం తీగ వేస్తే ఖర్చు సగానికి తగ్గుతుంది. పైకి తేడా కనపడదు. రెండు పంటలు తిరిగాక కాలిపోతుంది. కొందరు రైతులు తెలిసే అల్యూమినియం వేయమంటారు. అడిగితే వేసి ఇస్తాడు. కాని కనెక్షన్ పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో ఒక చుక్క పెడతాడు. రేపు ఆ మోటారు ఎవరికి అమ్ముడుపోయినా, ఏ మెకానిక్కు చేతికి వచ్చినా, మూత విప్పకముందే లోపల ఏముందో తెలియాలి. చుక్క వద్దన్న వాళ్లతో వాదన పెట్టుకోడు, మోటారు వెనక్కి ఇచ్చేస్తాడు. కోవూరు దాకా మెకానిక్కులందరికీ సమాధానం చుక్క తెలుసు.

సముద్రం వైపు పోయే రోడ్డు పొడుగునా రొయ్యల గుంటలే. తెగులు వచ్చి, దాని వెనకే రేటు పడిపోయి, మూడేళ్ల పాటు అవి ఎండి పగుళ్లిచ్చాయి. గుంటల మీద పనిచేసే వాళ్ల కోసం రోడ్డు పక్కన కట్టిన పోర్షన్లు కూడా ఖాళీ అయ్యాయి. మేత కంపెనీల వాళ్లు, ల్యాబుల వాళ్లు ఒక్కొక్కరే తాళాలు యజమానుల చేతుల్లో పెట్టి వెళ్లిపోయారు. తలుపులకు చెదలు పట్టాయి. ఆ వైపు ఇల్లు కొంటానని ఎవరైనా అంటే జనం నవ్వేవాళ్లు.

మళ్లీ కదలిక మొదలైన సంగతి ఊళ్లో అందరికంటే ముందు సమాధానానికి తెలిసింది. ఎవరో చెప్పి కాదు. మూలపడ్డ మోటార్లు షాపుకు రాసాగాయి. మొదట ఒకటి, వారం తిరక్కుండా ఇంకో రెండు. షాఫ్టులు తుప్పుపట్టి ఉన్నాయి, కాయిళ్లలో ఎలుకలు గూళ్లు పెట్టుకున్నాయి. అవన్నీ ఉప్పుకాలువ నుంచి గుంటల్లోకి నీళ్లు తోడే పెద్ద మోటార్లు. మోటారు బాగుచేయించుకున్న రైతు గుంట నింపుతాడు. గుంట నిండితే మనుషులు వస్తారు, వాళ్లకు గదులు కావాలి. ఇంతవరకే అతను ఆలోచించాడు. రేటు ఎక్కడికి పోతుంది, ఎగుమతులు ఏమవుతాయి అని టీకొట్టు దగ్గర చెప్పుకునే మాటలు అతను చెవిన పెట్టలేదు.

సంగం రైతు పద్మనాభయ్యకు ఆ రోడ్డు మీద నాలుగు పోర్షన్ల ఇల్లు ఉంది. రొయ్యలు బాగున్న రోజుల్లో వరి మీద మిగిలింది పెట్టి కట్టించాడు. మూడేళ్లుగా తాళాలు వేసి ఉంది. అమ్ముతానంటున్నాడని తెలిసి నవంబరు చివర్లో సమాధానం చూడటానికి వెళ్లాడు. మోటార్లు మోయడానికి పెట్టుకున్న పాత ట్రాలీ ఆటోలో ఆనందకుమారి కూడా పక్కన కూర్చుని వచ్చింది.

ఇల్లు చూడటానికి అతనికి ఒక పూట పట్టింది. స్పానరు మొనతో గోడలు తట్టుకుంటూ పోయి, బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గుండ్రం గీశాడు. వైర్లకు మెగ్గరు మీటరు పెట్టి కరెంటు లీకేజీ చూశాడు. మేడెక్కి, స్లాబు మీద నీళ్లు నిలిచిన మరకలు ఉన్నాయేమోనని నాలుగు మూలలా మోకాళ్ల మీద పాకాడు. పద్మనాభయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఒకసారి ఆనందకుమారితో, "మా అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు కూడా మేము ఇంత చూళ్లేదు తల్లీ" అన్నాడు.

మా వైపు ఇల్లు కొనేవాళ్లయినా, అద్దెకు దిగేవాళ్లయినా ఆఖరున చూసేది నీళ్లు. నాలుకను నమ్మరు. ఒక క్యాను నీళ్లు ఇంటికి పట్టుకుపోయి కందిపప్పు ఉడకబెడతారు. ఉప్పు కలిసిన నీళ్లయితే ఎన్ని విజిళ్లు వచ్చినా పప్పు పలుకుగానే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది అందరికీ తెలిసిన పరీక్ష. సమాధానం కూడా క్యాను తెచ్చుకున్నాడు.

"నీళ్లు ఎట్టుంటాయి పెద్దాయనా?" అని అడిగాడు, చేతిపంపు కొడుతూ.

"క్యాను తెచ్చుకున్నావు గదా. ఎత్తకపోయి ఉడకబెట్టుకో. నా మాట ఎందుకు నీకు?" అన్నాడు పద్మనాభయ్య.

మాటకంటే పరీక్షను నమ్మే మనిషికి ఆ జవాబు నచ్చింది.

ఆ సాయంత్రం ఆనందకుమారి గుప్పెడు కందిపప్పు కుక్కర్లో పోసింది. మూడు విజిళ్లకు పప్పు మెత్తగా నలిగింది. ఆమె గరిటెతో కొంచెం తీసి అతని అరచేతిలో వేసింది. సమాధానం దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, కూతురికి ఫోను చేసి కొంటున్నామని చెప్పాడు.

షాపు వెనక ఉన్న ఖాళీ స్థలం అమ్మారు. బ్యాంకులో ఉన్నది తీశారు. అంతటితో మొగుడూ పెళ్లాల దగ్గర దాచుకున్నది అంటూ ఏమీ మిగల్లేదు, ఆ ఇల్లు తప్ప. రిజిస్ట్రేషను రోజు వేలిముద్రల యంత్రం అతని వేళ్లను గుర్తుపట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్ల తీగ, వార్నిషు కలిసి వేళ్ల మీద గీతలు అరగదీశాయి. బయటికి పోయి నిమ్మకాయతో రుద్ది కడుక్కుని వచ్చి, అయిదోసారి పెడితే పచ్చదీపం వెలిగింది. అప్పటికే ఆనందకుమారి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

సుద్ద గుండ్రాలు గీసిన చోటల్లా పూత రాలగొట్టి తానే మళ్లీ పూశాడు. పాత వైర్లు లాగేసి కొత్తవి వేశాడు. షాపు పని పగలు, ఇంటి పని పొద్దు వాలాక. క్రిస్మస్ దాటిన వారంలో చర్చి అయ్యగారు వచ్చి ఒక్కో గదిలో నిలబడి ప్రార్థన చేసి ఇంటిని ప్రతిష్ఠించారు. ఫిబ్రవరి నెల సగం గడిచేసరికి మూడు పోర్షన్లు నిండాయి. మొదటి దాంట్లో మేత కంపెనీ టెక్నీషియన్ నరేంద్రబాబు, అతని భార్య సాయిలక్ష్మి దిగారు. రెండో దాంట్లో రొయ్యల ల్యాబులో పనిచేసే ప్రత్యూష అనే అమ్మాయి తన తల్లితో చేరింది. మూడో దాంట్లో గుంటల మీద కాపలా ఉండే ఇద్దరు.

ఆ చలికాలమంతా షాపులో ఖాళీ లేదు. ఇవే ఆఖరు మోటార్లు అనుకుంటూ, కళ్లు మంటపుడితే తడిగుడ్డ అద్దుకుంటూ చుట్టాడు. ఒక్కో మోటారు ట్రాలీ ఎక్కించి సముద్రం వైపు తీసుకుపోయి బిగించి వచ్చినప్పుడల్లా, నాలుగో పోర్షను కూడా నిండుతుందని ఆనందకుమారితో అనేవాడు. ఎండాకాలం దాటాక షాపు సగం రోజే తెరవాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు.

ఏప్రిల్లో ఒక ఆదివారం చర్చి అయ్యాక అద్దెల కోసం వెళ్తే, సాయిలక్ష్మి గుమ్మంలోనే ఆపింది.

"అంకుల్, పప్పు ఉడకడం లేదు. మా ఆయన పప్పు పాతదంటాడు. కొత్తది తెప్పిస్తే అదీ అట్నే ఉంది."

సమాధానం కుక్కర్ను అనుమానించాడు. రబ్బరు వదులైపోయి ఉంటుందన్నాడు. మర్నాడు కొత్త రబ్బరు తెచ్చి వేసి, విజిల్ గొట్టంలో సన్న తీగ దూర్చి శుభ్రం చేసి ఇచ్చాడు. నాలుగు రోజులకు మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి టీ విరిగిపోతోందట. పాలు మార్చమన్నాడు. కాపలా వాళ్లిద్దరూ సబ్బు నురగ రావడం లేదన్నారు. సబ్బు మార్చమనడానికి అతనికి నోరు రాలేదు.

శనివారం ప్రత్యూష ల్యాబు నుంచి చిన్న దుర్బిణి లాంటి పరికరం తెచ్చింది. గుంటల నీళ్లలో ఉప్పు ఎంత ఉందో చూసేది. బోరు నీళ్లు ఒక చుక్క దాని అద్దం మీద వేసి, వెలుతురు వైపు తిప్పి చూసి, అతని చేతికిచ్చింది. లోపల నీలం, తెలుపు కలిసే చోట ఒక గీత ఉంది. ఆపరేషన్ అయిన కంటితో చూస్తే స్పష్టంగా కనపడింది.

"మూడు దగ్గర ఉంది అంకుల్. సముద్రం ముప్పై అయిదు. తాగే నీళ్లకు ఆ గీత సున్నా దాటి లేవకూడదు."

"నవంబరులో పప్పు ఉడికింది గదమ్మా."

"నవంబరులో వెనక గుంటలు ఎండి ఉండాయి గదా" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు ఉప్పునీళ్లు నిండినాయి. ఇసుక నేల. ఊరతాయి."

సమాధానం ఇంటి వెనక్కి వెళ్లాడు. గోడకు ఇరవై అడుగుల దూరంలో గుంట గట్టు. దాని అవతల నిండా నీళ్లు, వాటిని చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్లు. మూలన షెడ్డులో మోటారు నడుస్తోంది. దాన్ని చూడక్కర్లేదు. చప్పుడు వింటే చాలు, బేరింగు తాను వేసిందే. జనవరిలో చుట్టిన అయిదో మోటారు. రాగి తీగ, చుక్క లేదు. ఇంకో పదేళ్లు ఆగకుండా ఉప్పునీళ్లు తోడుతుంది.

బోరు ఇంకా లోతుకు దించితే ఏమవుతుందని బోర్లు వేసే వాళ్లను అడిగాడు. సముద్రానికి ఇంత దగ్గర్లో కింద ఇంకా ఉప్పే, ఉన్నది కూడా చెడుతుందన్నారు. వాళ్లు పని వస్తుందని అబద్ధం చెప్పలేదు. అందుకు మాత్రం సంతోషించాడు.

తర్వాత సంగం వెళ్లాడు. నెల్లూరులో బస్సు మారి, దిగి, ఎండలో నడిచాడు. పద్మనాభయ్య ఇంటి ముందు తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుని కాళ్లతో తిరగేస్తున్నాడు. గట్టిగా అడగాలని బస్సులో నాలుగైదు మాటలు కూర్చుకున్నాడు సమాధానం. తీరా ఎదురుగా నిలబడితే అలసట తప్ప ఏమీ రాలేదు. నీళ్ల సంగతి చెప్పి, ఇది మీకు ముందే తెలుసా అని అడిగాడు.

"తెలుసు." పద్మనాభయ్య కాళ్లు వడ్లలో కదులుతూనే ఉన్నాయి. "ముందు రొయ్యలు వేసినప్పుడూ అంతే. గుంటలు నిండితే ఉప్పు, ఎండితే మంచినీళ్లు. అప్పుడు ట్యాంకరు తోలించి తోలించి విసుగెత్తినా."

"నాకొక మాట చెప్పొచ్చు గదా."

"నువ్వు నీళ్లు అడిగితివి. ఆ పొద్దు నీళ్లు బాగుండాయి. నేను అబద్ధం చెప్పలా." ముసలాయన ఆగి అతని మొహంలోకి చూశాడు. "ఆ గుంటల్లోకి ఉప్పునీళ్లు తోడేది నీ మోటార్లు. నీకు నేను చెప్పాల్నా అబ్బయ్యా?"

ఎండలో వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదని పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మ ఆకు వేసింది. వద్దనే ఓపిక లేక కూర్చున్నాడు. పెన్న నీళ్లతో ఉడికిన పప్పు నోట్లో పెట్టగానే కరిగిపోయింది. రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంటికి వచ్చాక ఏమన్నాడని ఆనందకుమారి అడిగింది. ఆయన చెప్పింది నిజమేనన్నాడు.

మే మొదటి వారంలో కాపలా వాళ్లిద్దరూ ఒళ్లు దురదలని ఖాళీ చేశారు. సాయిలక్ష్మి వాళ్లు కూడా వేరే ఇల్లు చూసుకుంటున్నామని చెప్పారు. ఆ మాట విన్న సాయంత్రం సమాధానం షాపు మూసి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి, వండుకోవడానికీ తాగడానికీ నీళ్లు తాను తెస్తానని, ఒక నెల చూడమని అడిగాడు. నరేంద్రబాబు మొహమాటస్తుడు, ఒప్పుకున్నాడు. ప్రత్యూషను అడిగితే, స్నానానికి బోరు నీళ్లతో సర్దుకుంటామని, వంటకు తెచ్చిస్తే చాలని అంది.

విడవలూరులో వాళ్ల సొంత ఇంటి బోరు మంచిది. కాలువ పక్కన ఉంది, ఏ కాలంలోనూ పప్పు ఉడుకుతుంది. రెండు నీలం డ్రమ్ములు కొని ట్రాలీలో నిలబెట్టి తాళ్లతో కట్టాడు. పొద్దున అయిదున్నరకు ఆనందకుమారి వేడినీళ్లు పెడుతుంది. వేళ్లు వంగగానే డ్రమ్ములు నింపుతాడు. నాలుగు కిలోమీటర్లు. గతుకుల్లో నీళ్లు ఒలికిపోకుండా నిదానంగా పోవాలి. మొదట్లో బిందెలతో మోసి పోసేవాడు. వారానికే భుజం పట్టేసింది. పాత మోటారు ఒకటి ట్రాలీలోనే బిగించి, గొట్టం పెట్టి, రెండు వాకిళ్లలోని తొట్లలోకి నీళ్లు తోడే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ మోటారులో ఉన్నది అల్యూమినియం. ఎవరో తీసుకుపోకుండా వదిలేసింది. దాని మూత మీద చుక్క అట్లాగే ఉంది.

నెల చూడమన్నది ఆరు నెలలైంది. షాపు సగం రోజు తెరవాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నీళ్లు తోలి వచ్చేసరికి ఎనిమిది. తర్వాత షాపు. కళ్లద్దాలు మార్చాడు. ఒకసారి చర్చిలో వాక్యం చదివే వంతు వస్తే, అక్షరాలు అలుక్కుపోతున్నాయని పక్కవాళ్లకు ఇచ్చేశాడు.

ఈలోగా రొయ్య రేటు నిలబడింది. ఆ రోడ్డు మీద ఇంకో రెండు ల్యాబులు తెరిచారు, ఒక ఐసు ఫ్యాక్టరీ కడుతున్నారు. మూడేళ్లు ఎవరూ చూడని ఇళ్లకు బేరాలు రాసాగాయి. మళ్లీ నవంబరు వచ్చింది. పంట తీసేశారు, గుంటలు ఖాళీ అయ్యాయి, తుపాను వానలు రెండు వారాలు వదలకుండా కురిశాయి. బోరు నీళ్లు మెత్తబడ్డాయి. పప్పు ఉడుకుతోందని సాయిలక్ష్మి ఫోను చేసి చెప్పింది. డ్రమ్ములు మోయక్కర్లేని ఆ వారం సమాధానం పొద్దున ఆరున్నర దాకా పడుకున్నాడు.

ఆ వారంలోనే చెంచురామయ్య వచ్చాడు. కోవూరు మనిషి. బస్సు కండక్టరుగా రిటైరై ఏడాది అయింది. చేతికొచ్చింది పెట్టి అద్దెలొచ్చే ఇల్లు ఒకటి కొనుక్కోవాలని తిరుగుతున్నాడు. ఇంతకు ముందు ఎప్పుడూ ఇల్లు కొనలేదని తనే చెప్పాడు. సమాధానం కొన్న దానికంటే చాలా ఎక్కువ ఇస్తానని ముందే ఫోన్లో అన్నాడు.

"ఇచ్చేద్దాం" అంది ఆనందకుమారి, అతను ఇల్లు చూడటానికి వచ్చే ముందు రోజు, సమాధానం వేళ్లకు నూనె రాస్తూ. "ఇంకో ఎండాకాలం ఆ డ్రమ్ములు మొయ్యలేవయ్యా నువ్వు. నేను చూళ్లేను."

అతను కూడా అదే అనుకుంటున్నానన్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు. బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీతో గడిచిపోతుంది. షాపు తాళం ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఈ ఇంటి నుంచి దిగిపోయే దారి ఇదొక్కటే, అది కూడా గుంటలు మళ్లీ నిండేలోపే.

చెంచురామయ్య వేళ్ల కణుపులతో గోడలు తట్టుకుంటూ తిరిగాడు. ఎక్కడ తట్టాలో అతనికి తెలియదు, కాని శ్రద్ధగా తట్టాడు. స్విచ్చులన్నీ వేసి ఆర్పాడు. మేడెక్కి దిగాడు. సాయిలక్ష్మిని పలకరించి, అమ్మా ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆమె సమాధానం వైపు ఒకసారి చూసి, ఏమీ లేవని లోపలికి పోయింది. ఆఖరున అతను స్కూటరు డిక్కీలో నుంచి అయిదు లీటర్ల క్యాను తీశాడు.

"నీళ్లు ఎట్టుంటాయన్నా?" అన్నాడు చేతిపంపు కొడుతూ.

ఆనందకుమారి అరుగు మీద కూర్చుని ఉంది. పద్మనాభయ్య కూర్చున్న చోటే. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. క్యాను నిండే చప్పుడు వినపడుతోంది. ఉడకబెట్టి చూసుకోమంటే అబద్ధం కాదు. పప్పు ఉడుకుతుంది. మూడు విజిళ్లకే ఉడుకుతుంది.

సమాధానం ఊరుకున్నాడు. చెంచురామయ్య మూత బిగించి, క్యాను స్కూటరు ముందు పెట్టుకుని, రేపు పొద్దున ఫోను చేస్తానని చెప్పి కీ తిప్పాడు. సమాధానం నాలుగడుగులు వేసి హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఆ పప్పును నమ్మబాకు."

"ఏందన్నా?"

"ఈ నెల ఉడుకుతాది. మేలో ఉడకదు. వెనక గుంటలు నిండితే ఈ బోరు ఉప్పు. నేనూ నీ మాదిరే క్యాను పట్టకపోయి కొన్నా."

చెంచురామయ్య బండి ఆపాడు. ఇంటి వైపు, దాని వెనక గుంట గట్టు వైపు చాలాసేపు చూశాడు.

"మరి వీళ్లు ఎట్టా ఉండారు?"

"నేను తోల్తుండా. మా ఇంటి కాడి నుంచి."

"రోజూనా?"

"రోజూ."

కండక్టరు అతని చేతులు చూశాడు. బొటనవేళ్లు ఉబ్బి, కణుపుల దగ్గర వంకరపోయి ఉన్నాయి. క్యాను మూత తీసి నీళ్లు పక్కన మొక్క మొదట్లో పోసేశాడు.

"నాకు చేతకాదన్నా. ముప్పై రెండేళ్లు బస్సులో నిలబడినా, నడుం అయిపోయింది. కూర్చుని తినేదానికే ఇల్లు చూసుకుంటుండా." కొంచెం ఆగి, "ఈ మాట ఫోన్లోనే చెప్పుంటే పెట్రోలన్నా మిగిలేది నాకు" అన్నాడు. వెళ్లేముందు మాత్రం సమాధానం చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి మలుపు దగ్గర, ట్రాలీలో నుంచి రోడ్డు వైపే చూస్తూ ఆనందకుమారి అంది.

"ఇంటికి కూడా చుక్క పెట్టినావు."

అతను గేరు మార్చాడు. ఆ రాత్రి ఆమె అన్నం వడ్డించింది, కాని తాను తినకుండా పడుకుంది. మర్నాడు పొద్దున ఎప్పటి వేళకే వేడినీళ్లు పెట్టింది. డ్రమ్ములు మోసే పని లేని రోజని తెలిసే పెట్టింది.

జనవరిలో సమాధానం అద్దె ఇంటి ముందు బోర్డు మార్చాడు. రేకు ముక్కకు నలుపు పూసి, తెల్ల పెయింటుతో తానే రాశాడు. పోర్షన్లు అద్దెకు ఇవ్వబడును. ఎండాకాలం బోరు నీళ్లు ఉప్పు. వంటకు నీళ్లు ఓనరు రోజూ తెచ్చి ఇచ్చును. నరేంద్రబాబు బండి ఆపి అది చదివి, "ఎవరన్నా ఇంత పెద్ద అక్షరాలతో రాసుకుంటారా అంకుల్, సగం సైజు సరిపోయేది గదా" అని నవ్వాడు. చిన్నగా రాస్తే తనకే కనపడదన్నాడు సమాధానం.

ఐసు ఫ్యాక్టరీలో చేరిన ఒక కుటుంబం ఆ బోర్డు చదివే మూడో పోర్షనులో దిగింది. రోజూ ఎన్ని బిందెలిస్తావని అడిగి, లెక్క కుదిరాక అడ్వాన్సు ఇచ్చారు. నాలుగోది ఖాళీగానే ఉంది.

ఫిబ్రవరిలో గుంటలు నిండాయి. మార్చి రెండో వారంలో ప్రత్యూష అద్దం మీద చుక్క వేసి చూసి, గీత లేచిందని చెప్పింది. మర్నాటి నుంచి మళ్లీ డ్రమ్ములు. ఈ ఏడు రెండు కాదు, మూడు.

ఒక పొద్దున నీళ్లు తోడటం అయ్యాక అతను ట్రాలీ అంచు మీద కూర్చుని గొట్టం చుట్టుకుంటున్నాడు. వెనక షెడ్డులో అతని అయిదో మోటారు ఒకే శ్రుతిలో తిరుగుతోంది. సాయిలక్ష్మి వంటింట్లో కుక్కరు కూత వేసింది. అతను గొట్టం చుట్టడం ఆపి విన్నాడు. రెండోది వచ్చింది. కొంచెం ఆలస్యంగా మూడోది. స్టవ్వు కట్టేసిన చిన్న చప్పుడు. నాలుగోది రాలేదు.

సమాధానం గొట్టం ట్రాలీలో పడేసి, తాడు బిగించి, షాపు తెరవడానికి బయల్దేరాడు.